అమెరికా కోర్టు విడాకులు గుంటూరులో చెల్లుతాయా?

ప్రశ్న: మా పెళ్లి 2019లో గుంటూరులో మన సంప్రదాయం ప్రకారం జరిగింది. నాలుగేళ్లు కాలిఫోర్నియాలో కాపురం చేశాం. అమ్మకు ఒంట్లో బాగాలేదని నేనిక్కడికి వచ్చాక మావారు తిరుగు టికెట్ వేయలేదు. ఇప్పుడు అక్కడి కోర్టులో విడాకులకు వేసి కాగితాలు కొరియర్‌లో పంపారు. నా తప్పేమిటో ఒక్క ముక్క లేదు, ‘సర్దుకోలేని విభేదాలు’ అని మాత్రం ఉంది. జవాబివ్వకుండా ఊరుకోవచ్చా?

జవాబు: తప్పు రాయకపోవడం ఆ పిటిషన్‌లో లోపం కాదమ్మా. కాలిఫోర్నియాలో 1970 జనవరి 1 నుంచి ఎవరి తప్పూ నిరూపించక్కర్లేదు. ఒకరు కలిసి ఉండలేనంటే చాలు, రెండోవారు వద్దన్నా ఆగదు. పిటిషన్ వేసేముందు ఇద్దరిలో ఒకరు ఆ రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) మూడు నెలలు నివాసముండాలి. కాగితాలు మీకు పద్ధతిగా అందాక ఆరు నెలలు గడిస్తే గానీ పెళ్లి రద్దు కాదు.

మీ పెళ్లి మాత్రం హిందూ వివాహ చట్టం కింద జరిగింది. అందులో ఈ కారణం లేదు. ఒక్కరే విడాకులు కోరితే సెక్షన్ 13 కింద క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో నిరూపించాలి. 13బి తప్పులెంచదు గానీ ఇద్దరూ ఒప్పుకోవాలి. కాపురం కోలుకోలేనంతగా చెడిందన్న ఒక్క కారణంతో విడాకులిచ్చే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకే ఉంది, ఫ్యామిలీ కోర్టుకు లేదు.

ఇలాంటి తగాదా మనవాళ్లదే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1975లో తిరుపతిలో జరిగిన పెళ్లిని భర్త 1980లో మిస్సోరీ కోర్టులో ఇదే తరహా కారణంతో రద్దు చేయించుకుని ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో నరసింహారావు కేసులో తీర్పు వచ్చింది. మన చట్టంలో ఉన్న కారణం మీద, రెండోవారు తమంతట తాము అక్కడ హాజరై వాదించుకున్నాక వచ్చిన డిక్రీ అయితే చెల్లుతుంది. రెండోవారు ఆ విడాకులకు ఒప్పుకున్నా చెల్లుతుంది. చాలామంది తెలియక చిక్కుకునేది ఈ ఒప్పుకోవడం దగ్గరే.

కాగితాల్లో ‘అందినట్టు అంగీకారం’ అనే ఫారం ఉంటే సంతకం పెట్టకండి. విదేశీ కోర్టు కాగితాలు పోస్టులో పంపడానికి హేగ్ ఒప్పందం కింద భారతదేశం అభ్యంతరం చెప్పింది; అవి కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలి. మీరు సంతకం పెడితే ఆ అభ్యంతరం మీ చేజారిపోతుంది. అలాగని ఊరుకోవద్దు. అక్కడ జవాబుకు గడువు 30 రోజులు, దాటితే మీరు లేకుండానే తీర్పిచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీకి దారి తెరుచుకుంటుంది. కొరియర్ అందిన తేదీ నుంచే లెక్కపెట్టుకుని, ఈలోపే కాలిఫోర్నియా వకీలు చేత సర్వీస్ (కాగితాలు అందించిన తీరు) చెల్లదని మోషన్ అంటే దరఖాస్తు వేయించండి. ముందు మామూలు జవాబు వేసేస్తే ఆ వాదన పోతుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. కాపురం చేసిన కాలంలో ఆయన సంపాదించిన దాంట్లో అక్కడి చట్టం ప్రకారం సగం మీది, భరణమూ అడగవచ్చు. అడగాలంటే ఆ కోర్టుకు వెళ్లాలి. వెళితే విడాకులకు ఒప్పుకున్నారని రేపు ఇక్కడ వాదిస్తారు. ఇల్లు, షేర్లు, రిటైర్మెంట్ ఖాతా గట్టిగా ఉంటే వెళ్లడమే లాభమని నా అభిప్రాయం. చెప్పుకోదగ్గ ఆస్తి లేకపోతే గుంటూరు ఫ్యామిలీ కోర్టే మేలు. భార్య నివసించే చోట కేసు వేసుకునే హక్కు హిందూ వివాహ చట్టం సెక్షన్ 19 ఇస్తుంది, మనోవర్తి కూడా అక్కడే అడగవచ్చు.

కొరియర్ కవరు పారేయకండి. దాని మీది తేదీ రెండు దేశాల్లోనూ సాక్ష్యమే.