సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ కారు మొండికేసిందని అక్క ఫోన్ చేసింది. సెల్ఫ్ బాగానే తిరుగుతోందట, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదట. ఎవరో చూసి ట్యాంకులోని పెట్రోలు పంపు మార్చాలన్నారట, నువ్వేమో డబ్బులు సర్దుతున్నావట. ఒక్క పూట ఆగరా.

ముందు అదేపనిగా తాళం తిప్పడం మానెయ్. ఒకసారికి పది సెకన్లు మించి సెల్ఫ్ కొట్టకూడదు, మధ్యలో అర నిమిషమైనా ఆగాలి. లేదంటే బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ మోటారు కూడా కాలుతుంది. వాన నీళ్లలో వెళ్లి ఆగిపోయిన బండినైతే అసలు కొట్టనే కొట్టకు. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

పెట్రోలు, ప్లగ్గులో కరెంటు, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి). సెల్ఫ్ తిరిగినా ఇంజన్ పట్టుకోలేదంటే వీటిలో ఏదో ఒకటి అందడం లేదన్నమాట. అదేదో తేలేదాకా ఒక్క పార్టు కూడా కొనకు.

ఏసీ, పాటలు ఆపేసి, అద్దాలు ఎత్తేసి, తాళం ఆన్‌లో పెట్టి ఊరుకో. సెల్ఫ్ కొట్టకు. వెనక సీటు వైపు నుంచి సన్నగా ‘గుయ్య్’మని రెండు సెకన్లు మోగి ఆగాలి. ట్యాంకులో పంపు చప్పుడది. వినిపించిందంటే మోటారు తిరుగుతున్నట్టే. ప్రెజర్ చాలుతోందా లేదా అన్నది గేజీ పెడితేనే తెలుస్తుంది. వినిపించకపోయినా పంపు పోయిందనుకోకు. ఫ్యూజు చూడు. పంపుకు కరెంటు కలిపే స్విచ్చులాంటి రిలే ఒకటుంటుంది, అదే నంబరున్న రిలే పక్కన ఉంటే తీసి దాని చోట పెట్టు. అప్పటికీ మోగకపోతే, తాళం ఆన్ చేసిన ఆ రెండు సెకన్లలో పంపు కనెక్టర్ దగ్గరికి కరెంటు వస్తోందేమో టెస్ట్ లైటుతో చూడాలి. ఎలుక వైరు కొరికిందనుకో, కొత్త పంపు పెట్టినా తిరగదు కదా! మీ షెడ్డులో ఎలుకలున్నాయని అక్కే చెప్పింది, కాబట్టి బానెట్ ఎత్తి వైర్లన్నీ ఓపిగ్గా చూడు.

ఇక మీటర్. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు వెలగాలి. వెలగలేదంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కే కరెంటు అందడం లేదేమో, మెయిన్ రిలే, ఫ్యూజులు చూడాలి. తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే బండి నీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు, రెండో తాళంతో ప్రయత్నించు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు చాలా బండ్లలో ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేస్తుంది. సున్నా మీద కదలకుండా ఉంటే నా అనుమానం, ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ మీదే. వేడెక్కితే ఆగి, చల్లారాక స్టార్టయ్యే రోగం ఇదివరకు ఉందంటే ఆ అనుమానం ఇంకా బలం.

సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన గుప్పున కొడుతోందా? ఇంజన్‌లో పెట్రోలు ఎక్కువైంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ కొట్టు. చాలా ఇంజెక్షన్ బండ్లలో అలా తొక్కితే పెట్రోలు ఆగి, ఉన్నది బయటికి పోతుంది. అయినా అందుకోకపోతే ప్లగ్గులు ఊడదీసి చూడు. తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది, కరెంటే లేదేమో. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ప్లగ్గును కాయిల్‌కు తగిలించి నిప్పురవ్వ చూసే పని నువ్వు పెట్టుకోకు. అక్కడ వేల వోల్టుల కరెంటు ఉంటుంది, చుట్టూ పెట్రోలు ఆవిరి. అది మెకానిక్ చేయాలి.

కంప్రెషన్ సంగతి చెవే చెబుతుంది. బాగున్న ఇంజన్ ఆగి ఆగి బరువుగా తిరుగుతుంది. ఏ అడ్డూ లేనట్టు ‘స్‌ర్ర్ర్’మని తేలిగ్గా, వేగంగా తిరుగుతోందంటే టైమింగ్ బెల్టు తెగిందేమో. ఇక తాళం ముట్టుకోకు, చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి.

అన్నట్టు, పెట్రోలు ముల్లును నమ్మకు. రెండు మూడు లీటర్లు పోసి చూడు.

బావగారి ట్రాక్టరుకు ఈ ప్లగ్గుల గొడవ లేదు. డీజిల్ అయిపోయి ఆగితే పైపుల్లో గాలి పడుతుంది. ఫిల్టర్ మీద గాలి వదిలే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా చేతి పంపు కొట్టాలి. ఒకే గొట్టంలో డీజిల్‌ను భారీ ప్రెజర్‌తో ఉంచి ఇంజెక్టర్లకు పంపే కామన్ రెయిల్ బండ్లలో మాత్రం ఇంజెక్టర్ పైపుల జోలికి వెళ్లొద్దు. ఆ ప్రెజర్ వెయ్యి బార్లు దాటుతుంది, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

మెకానిక్‌కు ‘స్టార్ట్ కావడం లేదు’ అని ఊరుకోకుండా పంపు మోగిందా, ముల్లు లేచిందా, వాసన వచ్చిందా అన్నీ చెప్పు. స్కానర్ పెట్టించి, కంప్యూటర్ చూపే లోపం కోడ్ రాయించుకో. సాయంత్రం ఫోన్ చెయ్, ప్లగ్గుల ఫొటో కూడా పంపు.

మామయ్య