తోకలు లెక్కపెట్టి పేరు పెట్టకండి

మారేడుమిల్లి వాగులో రాయి తిప్పితే చదునైన పురుగు కనిపించింది, రెండు తోకలున్నాయి కాబట్టి స్టోన్‌ఫ్లై పిల్లే కదా అని అడిగారు. కాదు, అది మేఫ్లై పిల్ల. ఈ రెండూ పిల్లదశలో నీళ్లలో బతికి, పెద్దయ్యాక రెక్కలొచ్చే పురుగులే. మీ ఫొటోలోనే పొట్టకు రెండు పక్కలా వరసగా పల్చటి రేకులు కనిపిస్తున్నాయి చూడండి. అవి మొప్పలు. స్టోన్‌ఫ్లైకి పొట్ట పక్కన అలాంటి రేకులుండవు. దానికి మొప్పలు బయటికి కనిపిస్తే, ఎక్కువగా రొమ్ము కింద, కాళ్ల మొదళ్ల దగ్గర తెల్లటి దూదికుచ్చుల్లా ఉంటాయి.

మూడు తోకలైతే మేఫ్లై, రెండైతే స్టోన్‌ఫ్లై అన్న సూత్రాన్ని పురుగుల్ని గుర్తుపట్టే చార్టుల్లోంచి తీసేయాలి. మేఫ్లై తోక చెయ్యి తగిలితే చాలు, విరుగుతుంది. ఎపియోరస్ లాంటి కొన్ని రకాల మేఫ్లైలకు పుట్టుకతోనే రెండు తోకలు. అనుమానం తీరకపోతే పదింతలు పెంచి చూపే భూతద్దంతో కాలి చివర చూడండి: మేఫ్లైకి ఒకే గోరు, స్టోన్‌ఫ్లైకి రెండు. తోక విరిగినా గోరు మిగులుతుంది. మూడు తోకలూ ఆకుల్లా వెడల్పుగా ఉంటే అది ఈ రెండూ కాదు, సూదితూనీగ పిల్ల.

రాయి ఎత్తేటప్పుడు దిగువన టీ వడపోత పట్టుకోండి, లేకపోతే సగం పురుగులు ప్రవాహంలో కొట్టుకుపోతాయి. తెల్ల పళ్లెంలో సెంటీమీటరు లోతున వాగు నీళ్లే పోసి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో పురుగును అందులోకి దించండి. పట్టకారు వాడితే కాళ్లు ఊడతాయి. పళ్లెం నీడలో ఉంచండి. నీరు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గి ముందు చచ్చేవి ఇవే. ఫొటో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పొట్ట కిందనుంచి ఒకటి తీయండి. పైనుంచి తీసిన ఒక్క ఫొటోను ఫోన్ యాప్‌కి ఇచ్చి అది చెప్పిన పేరు నమ్మడం దండగ.

రాయిని మాత్రం ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించి పెట్టండి. దాని అడుగున ఇసుక రేణువులతో కట్టిన చిన్న గూళ్లు అంటుకుని ఉంటాయి. అవి కాడిస్ అనే మరో రకం నీటి పురుగులవి, లోపల ప్యూపాలు, అంటే రెక్కల పురుగుగా మారుతున్న దశలో ఉన్నవి, ఉండొచ్చు. జనం రాళ్లు తిప్పి ఒడ్డున ఎండకు వదిలేసి పోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకో పని కూడా చేయండి. దిగువన బట్టలుతికే చోట, మురుగు కలిసే చోట కూడా ఒక రాయి తిప్పండి. పైన దొరికిన మేఫ్లైలు అక్కడ లేకపోయి, బురదలో ఎర్రటి పురుగులే మెలికలు తిరుగుతుంటే, అక్కడ ఆక్సిజన్ బాగా తగ్గి ఉండొచ్చు. ఆ ఎరుపు ఆక్సిజన్‌ను పట్టుకునే హీమోగ్లోబిన్‌ది. అందుకే అంత తక్కువ ఆక్సిజన్‌లోనూ అవి బతకగలవు.