చిత్రకళ – మీ ప్రశ్నలు: కొరోవిన్ వేగం వెనుక

ప్రశ్న: రష్యన్ చిత్రకారుడు కాన్‌స్టాంటిన్ కొరోవిన్ ప్రకృతి దృశ్యాలను ఒక్క ఊపులో వేసినట్టు కనిపిస్తాయి. నేనూ ఆయిల్ రంగులతో అలా త్వరగా వేయబోతే అన్నీ కలిసిపోయి మట్టి రంగు తేలుతోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

జవాబు: కొరోవిన్ అంటే నాకు ప్రాణం కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఆయన పద్ధతిలో కింది పొర ఆరేదాకా ఆగరు, తడి రంగు మీదే తడి రంగు పెడతారు. అందుకే వేసిన చోటే బ్రష్‌తో మళ్లీ మళ్లీ రుద్దితే అడుగు రంగు పైకి లేచి అంతా మురికిగా మారుతుంది. ఛాయను పాలెట్ (రంగులు కలిపే పలక) మీదే తేల్చుకోండి. కావలసినంత రంగు ముందే కలిపి ఉంచుకుని, వెడల్పాటి బ్రష్‌తో ఒకే దెబ్బగా పెట్టి చెయ్యి తీసేయండి. నప్పకపోతే దిద్దకండి. కత్తితో గీకి తీసేసి కొత్తగా పెట్టండి. ముదురు రంగు నుంచి లేత రంగుకు వెళ్లేటప్పుడు బ్రష్ తుడవడం బద్ధకించకండి. సగం మురికి అక్కడే పుడుతుంది.

ఇక అసలు సంగతి. ‘శీతకాలంలో’ అనే ఆయన 1894 నాటి చిన్న చిత్రం మాస్కోలోని త్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉంది. దుంగల ఇంటి పక్కన మంచుబండికి కట్టిన ముదురు రంగు గుర్రం, ఒక కంచె, మబ్బు పట్టిన ఆకాశం, అంతే. అందులో మంచును జాగ్రత్తగా చూడండి. ట్యూబులోంచి తీసిన పచ్చి తెలుపు కనిపించదు. బూడిద రంగులోనే ఒకచోట నీలిఛాయ, ఒకచోట కాస్త వెచ్చదనం. గుర్రం అంత ముదురుగా ఉండబట్టే ఆ బూడిద రంగు మనకు మంచులా వెలుగుతుంది. ఏది దేనికంటే ఎంత ముదురు, ఎంత లేత అన్నది ముందే చూసి పెట్టుకున్నవాడికి చెయ్యి ఆగదు. ఆ చూపు లేకుండా వేగం కోసం పాకులాడితే కాన్వాస్, రంగులు రెండూ దండగే.

ఈ చూపుకు గురువుల చలవ కూడా ఉంది. మాస్కో చిత్రకళా విద్యాలయంలో పాఠాలు చెప్పిన చిత్రకారుడు అలెక్సీ సవ్రాసోవ్ తన విద్యార్థులను ఆరుబయటికి వెళ్లి వేయమని తరిమేవాడు. ప్రకృతి చిత్రకారుడు ఐజాక్ లెవితాన్, కొరోవిన్ ఇద్దరూ ఆయన శిష్యులే. తరవాత 1894లో తోటి చిత్రకారుడు వలెంతిన్ సెరోవ్‌తో కలిసి కొరోవిన్ రష్యాకు ఉత్తరపు కొసన ఉన్న సముద్ర తీరాలకు వెళ్లాడు. రంగురంగుల చిత్రకారుడని పేరున్న మనిషి అక్కడ వెండి లాంటి బూడిద రంగుల్లో ఎన్ని తేడాలు పట్టుకున్నాడో చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మీరూ ముందు బూడిద ఛాయలతోనే కొన్నాళ్లు వేయండి. ఎరుపు, పసుపు ఎక్కడికీ పోవు.

ప్రశ్న: ఆయన ఫ్రెంచి ఇంప్రెషనిస్టులను (క్షణంలో మారే వెలుగును వేగమైన కుంచె దెబ్బలతో పట్టిన చిత్రకారులను) అనుకరించాడా?

జవాబు: అలా అనడం అన్యాయం. పారిస్ చూడకముందే, 1883లోనే, ‘బృందగాయని చిత్తరువు’ వేశాడు. తోటలో కూర్చున్న అమ్మాయి, వెనక పచ్చదనం తెగిపడిన మచ్చల్లా. దాన్ని చూసి పేరుమోసిన రష్యన్ చిత్రకారుడు రేపిన్, అది ఎవరో స్పెయిన్ చిత్రకారుడి పని అనుకున్నాడని అంటారు. పారిస్ ఆయనకు ధైర్యం ఇచ్చిన మాట నిజం. రాత్రివేళ అక్కడి వీధి దీపాల చిత్రాలు అందుకు సాక్ష్యం. అయితే ఆ కుంచె తీరుకు నాటకరంగం కూడా కారణమని నా అభిప్రాయం. 1880ల నుంచి సంపన్న వ్యాపారి సావ్వా మామొంతోవ్ నడిపిన సొంత ఒపేరాకు (పాటలతో సాగే నాటకాలకు), తరవాత జార్ ప్రభుత్వ రంగశాలలకు తెరలు, దుస్తులు రూపొందించాడు. అంత పెద్ద తెర మీద చిన్న చిన్న వివరాలు ఎవరికీ ఆనవు. పెద్ద మచ్చ సరైన చోట పడితే చాలు. ఆ అలవాటే చిన్న కాన్వాస్‌లోకీ వచ్చింది.

ప్రశ్న: ఆయన చివరి రోజులు ఎలా గడిచాయి?

జవాబు: విప్లవం తరవాత 1920లలో పారిస్‌కు వెళ్లిపోయాడు. అక్కడ డబ్బుకు కటకటే. ఆ కష్టాల మధ్యే చిన్ననాటి సంగతులు, వేట, చేపలు పట్టడం, మిత్రుడు, గాయకుడు షల్యాపిన్ గురించి ఎన్నో రాశాడు. 1939 సెప్టెంబరులో పారిస్‌లోనే కన్నుమూశాడు. ఆయన చిత్రాలు ఇష్టపడేవారు ఆ రచనలు కూడా చదవాలి. వాతావరణాన్ని నాలుగు మాటల్లో పట్టడం అక్కడా కనిపిస్తుంది.