జాబితాలో ఆసుపత్రి ఉంది, డాక్టరే దొరకడం లేదు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 64. ఆరు నెలలుగా ఆయనకు నడుము నుంచి కుడి పాదం వరకు తిమ్మిరి. పది అడుగులు వేస్తే కూర్చోవలసి వస్తోంది. ఎం.ఆర్.ఐ. చూసిన మా ఊరి ఎముకల డాక్టరుగారు నరం నొక్కుకుపోయిందనీ, వెన్నెముక శస్త్రచికిత్స నిపుణుణ్ణి కలవమనీ చెప్పారు. మూడేళ్లు దాటిన ఆరోగ్య బీమా ఉంది కదా అన్న ధైర్యంతో కంపెనీ యాప్ చూస్తే గుంటూరు, విజయవాడల్లో 11 ఆసుపత్రులు కనిపించాయి. ఫోన్ చేస్తే రెండు ఆసుపత్రులవారు ఆ కంపెనీతో ఇప్పుడు ఒప్పందం లేదన్నారు. ఇంకొకచోట స్పైన్ డాక్టరు గురువారమే వస్తారన్నారు. సెలవు పెట్టి, నాన్నగారిని కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకువెళితే, కన్సల్టేషన్ ఫీజు కట్టించుకున్న తరువాత, ఆ డాక్టరుగారు క్యాష్‌లెస్ (రోగి కట్టకుండా బీమా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా చెల్లించే) కేసులు చేయరని కౌంటరులో చెప్పారు. జాబితాలో లేని ఆసుపత్రికి వెళితే బీమా రాదా? ఈ తప్పుడు జాబితా గురించి ఎవరిని అడగాలి?
— ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీరు చూసినది ఆసుపత్రుల జాబితాయే గాని డాక్టర్ల జాబితా కాదు. బీమా కంపెనీ ఒప్పందం చేసుకునేది ఆసుపత్రితో; మన జిల్లా కేంద్రాల్లో స్పైన్, గుండె, నరాల నిపుణులు చాలామంది వారానికి ఒకటి రెండు రోజులు వచ్చిపోయే విజిటింగ్ కన్సల్టెంట్లు కాబట్టి, ఆసుపత్రి కంపెనీతో ఒప్పుకున్న ప్యాకేజీ రేటుకు (ఆపరేషన్ మొత్తానికి ముందే ఖరారు చేసిన ధరకు) తాము ఆపరేషన్ చేయబోమని వారిలో కొందరు అంటారు. ఆ సంగతి ఫీజు తీసుకోక ముందే రోగికి చెప్పకపోవడం మాత్రం, నా దృష్టిలో, క్షమించదగిన పొరపాటు కాదు.

అందువల్ల వెతికే వరుసను తిరగవేయండి. మీ ఊరి డాక్టరుగారినే ఇద్దరు ముగ్గురు సర్జన్ల పేర్లు అడిగి, వారు ఏయే ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేస్తారో తెలుసుకుని, ఆ తరువాత జాబితా తెరవండి. ఫోన్ చేసినప్పుడు రిసెప్షన్‌తో ఆగిపోకుండా ఇన్సూరెన్స్ డెస్క్‌కు కలపమనండి. ఫలానా కంపెనీ, ఫలానా పాలసీ, ఫలానా డాక్టరు, ఫలానా ఆపరేషన్ అని నాలుగూ ఒకే ప్రశ్నలో పెట్టి, క్యాష్‌లెస్ ఇస్తారా అని అడగండి. అదే ప్రశ్నను బీమా కంపెనీకి ఈమెయిల్‌లో కూడా పంపండి, ఎందుకంటే ఫోనులో ఇచ్చిన మాటకు రేపు సాక్ష్యం ఉండదు.

జాబితాలో లేని ఆసుపత్రి అయినంత మాత్రాన బీమా పోదు. ముందు మీరు కట్టి, తరువాత బిల్లులు పెట్టి రీయింబర్స్‌మెంట్ పొందవచ్చు. పైగా 2024 జనవరి నుంచి సాధారణ (జనరల్) బీమా కంపెనీలు, జాబితాలో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ ఇచ్చే ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ అమలు చేస్తున్నాయి: ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్ అయితే చేరడానికి కనీసం 48 గంటల ముందు కంపెనీకి తెలియజేయాలి. ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి గనుక దీనిమీదే పూర్తిగా ఆధారపడకండి. కంపెనీ మినహాయించిన ఆసుపత్రుల జాబితా వేరుగా ఉంటుంది, దాన్ని తప్పక చూడండి. అందులోని ఆసుపత్రిలో చేరితే, ప్రాణాపాయ పరిస్థితిలో తప్ప, రీయింబర్స్‌మెంటూ రాదు.

డిస్కు, వెన్నెముక జబ్బులకు చాలా పాలసీల్లో 24 నెలల నిరీక్షణ కాలం ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్నాక అన్నాళ్లు ఆ జబ్బులకు బీమా వర్తించదు. మీకు మూడేళ్లు దాటాయి కాబట్టి మధ్యలో పాలసీ ఆగిపోకపోతే ఆ అడ్డు ఉండకూడదు. అయితే క్లెయిములు తేలికగా చిక్కుకునే చోటు మరొకటి ఉంది. నొప్పి ఎన్నాళ్లుగా ఉందని డ్యూటీ డాక్టరు అడిగితే, మన పెద్దవాళ్లు “ఎప్పటినుంచో ఉందిలే బాబూ” అనేస్తారు. అది కేస్ షీట్‌లోకి ఎక్కిందంటే, పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బును దాచారా అని కంపెనీ ప్రశ్న మొదలుపెడుతుంది. నాన్నగారి పక్కనే ఉండి, ఉన్నది ఉన్నట్టు, ఆరు నెలలని చెప్పండి. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ వాక్యం ఎలా రాశారో సంతకం పెట్టే ముందు చదవండి.

మీరు ఇప్పటికే పెట్టిన కన్సల్టేషన్, ఎం.ఆర్.ఐ. ఖర్చులు ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) కింద రాకపోవచ్చు గాని, అదే జబ్బుకు ఆసుపత్రిలో చేరితే అంతకు ముందరి ఖర్చుల కింద అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల పరిమితి ఉంటుంది, మీ పాలసీలో ఎంతో చూడండి. అసలు రసీదులూ, డాక్టరు రాసిన చీటీలూ కలిపి భద్రపరచండి. సర్జన్ ఫీజు విడిగా చేతికి ఇవ్వమంటే ఒప్పుకోకండి, ఆసుపత్రి బిల్లులోనే చేర్చమనండి.

క్యాష్‌లెస్ అనుమతిపై దరఖాస్తు అందిన గంటలోగా, డిశ్చార్జి తుది అనుమతిపై 3 గంటల్లోగా కంపెనీ నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ (ఐ.ఆర్.డి.ఎ.ఐ.) 2024 మే నెలలో ఆదేశించింది. జాబితా తప్పుల విషయంలో, మీరు ఫోన్ చేసిన తేదీలతో, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆ తరువాత ఫిర్యాదు చేయడానికి ఆ నియంత్రణ సంస్థవే ‘బీమా భరోసా’ పోర్టల్, 155255 నంబరు ఉన్నాయి. రేపు క్లెయిమే తిరస్కరిస్తే, కంపెనీకి ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చినది సరిపడకపోయినా, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా వివాదాలు పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు.

ఇవన్నీ తీరిక ఉన్నప్పటి పనులు. నాన్నగారికి మూత్రం మీద అదుపు తప్పినా, పాదం హఠాత్తుగా పైకి లేవకుండా వాలిపోతున్నా జాబితా పక్కన పెట్టి, స్పైన్ సర్జన్ అందుబాటులో ఉన్న దగ్గరి ఆసుపత్రిలో వెంటనే చేర్చండి. అటువంటప్పుడు కంపెనీకి చేరిన తరువాత 48 గంటల్లోగా తెలియజేస్తే చాలు.