ఐఎల్‌టీఎస్ రైటింగ్‌లో వ్యాసానికి మార్కులు ఎలా వేస్తారు? 350 పదాలు రాసినా 6 ఎందుకు దాటలేదు?

విదేశీ చదువులకూ వలసలకూ అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఎల్‌టీఎస్‌లో, రైటింగ్ విభాగంలోని రెండో టాస్క్‌లో, అంటే వ్యాసంలో, 350 పదాలు రాశాననీ, బరువైన పదాలు వాడాననీ, అయినా 6 దగ్గరే ఆగిపోయాననీ మీరు రాశారు. హనుమకొండలో ఐఎల్‌టీఎస్‌కు తయారయ్యే పిల్లల వ్యాసాలు కొన్నేళ్లుగా దిద్దుతున్నాను. ఇదే బాధ చాలామంది నోట విన్నాను.

ఎగ్జామినర్లు వ్యాసమంతా చదివి ఒకే అంకె వేయరు. అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పారా, ఆలోచనలు వరుసగా నడిచాయా, పదాల వాడకం ఎలా ఉంది, వ్యాకరణం ఎలా ఉంది అని నాలుగు అంశాలను విడివిడిగా చూసి, ఒక్కోదానికి 9 వరకు బ్యాండ్, అంటే స్కోరు, ఇస్తారు. నాలుగింటికీ సమాన విలువ. మనవాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టేది చివరి రెండింటితోనే. మార్కుల్లో సగం మాత్రం మొదటి రెండింటిలో ఉంది. రెండో టాస్క్ విలువ మొదటిదానికి రెట్టింపు కనుకనే 60 నిమిషాల్లో 40 దానికి ఉంచుకోమంటారు. కనీసం 250 పదాలు ఉండాలి, తగ్గితే నష్టం. అంతకు మించి రాసినంత మాత్రాన అదనంగా ఏమీ కలవదు, పైగా తప్పులకు చోటు పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ప్రజా రవాణాను ఉచితం చేయాలని కొందరు, ఆ డబ్బుతో రోడ్లు వెడల్పు చేయాలని కొందరు అంటున్నారు, రెండు వాదాలనూ చర్చించి మీ అభిప్రాయం చెప్పండి అని నేను ఒక ప్రశ్న ఇచ్చాను. నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, ‘నేటి ఆధునిక యుగంలో ఇది తీవ్ర చర్చకు దారితీసిన అంశం’ అని మొదలుపెట్టి, ఉచిత ప్రయాణం పేదలకు మేలు చేస్తుందని మూడు రకాలుగా చెప్పి, రోడ్ల సంగతి ఒక్క వాక్యంలో ముగించింది. భాష బాగానే ఉంది, కానీ ప్రశ్నలో ఒక భాగానికి జవాబు దాదాపు లేదు, మొదటి వాక్యం ఏ ప్రశ్నకైనా అతికేది. మళ్లీ రాయించాను. ఈసారి, చార్జీలు చూసుకొని వరంగల్ ఆసుపత్రికి రావడం వాయిదా వేసే తల్లి, 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక వాయిదా వేయడం మానేసిందని రాసింది. ఇరుకు రోడ్డు మీద ఆ బస్సే గంటసేపు ఆగిపోతే ఉచితం వల్ల లాభమేమిటని రెండో వాదాన్నీ గట్టిగా నిలబెట్టింది. పదాలు మునుపటికన్నా తేలికైనవే, కానీ వాదం నిలబడింది. సొంత అనుభవం నుంచి ఉదాహరణలు ఇవ్వమని ప్రశ్నపత్రమే అడుగుతుంది. మన ఊరి సంగతి రాయడానికి సంకోచం అక్కర్లేదు.

బట్టీ వాక్యాల విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. కోచింగ్‌లో ఇచ్చిన మూసలను దింపేస్తే చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. జవాబంతా బట్టీ పట్టిందేనని రుజువైతే సున్నా వేయవచ్చని, ఏ బ్యాండ్‌కు ఏం ఉండాలో చెప్పే అధికారిక బ్యాండ్ వివరణల్లోనే ఉంది. ‘మోర్‌ఓవర్’, ‘ఫర్దర్‌మోర్’ వంటివి ప్రతి వాక్యం ముందూ తగిలించడం కూడా వరుసకు ఇచ్చే మార్కును తగ్గిస్తుంది.

వ్యాకరణంలో 7 కావాలంటే తప్పుల్లేని వాక్యాలు తరచుగా కనిపించాలి. మన పిల్లలకు ఎక్కువగా దెబ్బ తగిలేది ‘ఎ’ (a), ‘ద’ (the)ల దగ్గర, ఏకవచన బహువచనాల దగ్గర. చివరి ఐదు నిమిషాలు కొత్త వాక్యాలు చేర్చకుండా వీటినే వెతకండి.

ఐఎల్‌టీఎస్ వారు బ్యాండ్ వివరణలను తమ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచారు. మీకు గుర్తున్నంత మేరకు మీ వ్యాసాన్ని వాటి పక్కన పెట్టి చూడండి. ప్రశ్నలోని ప్రతి భాగానికీ జవాబు ఉందని నమ్మకం కుదిరితేనే, పరీక్ష తేదీ నుంచి ఆరు వారాల్లోగా రుసుము కట్టి పునఃపరిశీలన కోరండి. స్కోరు మారితే ఆ రుసుము తిరిగి వస్తుంది.