నాన్నగారి మందుల ఖర్చు

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మాత్రలకే ఆయన పింఛనులో మూడో వంతు అయిపోతోంది. ఖర్చుకు జంకి మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని ఈమధ్యే తెలిసింది. ఆయుష్మాన్ కార్డు మీద ఈ మందులు రావా? ప్రభుత్వ జనౌషధి దుకాణాల్లో చవకగా దొరికే మందులు వాడమంటే, "చవక మందు ఏం పనిచేస్తుంది?" అంటున్నారు.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మాత్రలు ఎగ్గొట్టడం ముందు మాన్పించండి. బీపీ మాత్ర వేసుకోని రోజున ఒంట్లో తేడా ఏమీ తెలియదు. అలా తెలియకపోవడమే ప్రమాదం.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు, కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స కోసం ఉద్దేశించినది. నెలనెలా షాపులో కొనే మాత్రలకు అది వర్తించదు. పెద్దవాళ్ల డబ్బు కరిగేది ఆ మాత్రల దగ్గరే కాబట్టి, ఇది పెద్ద లోటని నా అభిప్రాయం.

ఇక చవక సంగతి. నాన్నగారు వాడే మాత్రల షీటును వెలుతురులో పెట్టి చూపించండి. కంపెనీ పెట్టుకున్న పేరు, దాని దగ్గరే "టెల్మిసార్టన్ 40 ఎంజి" వంటి మందు అసలు పేరు కనిపిస్తాయి. ఒంట్లో పనిచేసేది ఆ అసలు పేరున్న మందే. జనౌషధి షీటు మీదా అదే పేరు, అదే మోతాదు ఉంటాయి. కంపెనీ పేరును డాక్టర్ల దగ్గర ప్రచారం చేసే ఖర్చు లేనందువల్ల ధర సగానికి, చాలా మందుల్లో ఇంకా కిందికి దిగుతుంది.

అయితే డాక్టరు కంపెనీ పేరు రాస్తే, షాపువారు తమంతట తాము వేరే కంపెనీ మందు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే మందు అసలు పేరుతోనే చీటీ రాయమని డాక్టరుగారిని అడగండి; అలాగే రాయాలని వైద్యుల నియమావళి కూడా చెబుతోంది. థైరాయిడ్, మూర్ఛ మందులు, రక్తం పలచబడటానికి ఇచ్చే వార్ఫరిన్ మాత్రం డాక్టరుగారిని అడగకుండా కంపెనీ మార్చకూడదు. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు, అక్కడా విచారించండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లోని షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లతో రాసిన ఒకే మందును రెండుసార్లు మింగే పెద్దవాళ్లు ఉన్నారు. నాన్నగారు మాత్రలు మానేసిన రోజుల సంగతి కూడా దాచకుండా చెప్పించండి. లేకపోతే మందు చాలడం లేదనుకుని డాక్టరుగారు మోతాదు పెంచుతారు.