ముప్పై అయిదేళ్ళ వయసులో ఐస్ హాకీ నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. మీ వయసు ముప్పై అయిదని, టొరంటో దగ్గర ఉంటున్నారని, క్రికెట్ తప్ప మరో ఆట తెలియదని, ఐస్ మీద ఇంతవరకు కాలు పెట్టలేదని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కొన్నేళ్ళకు నేను కూడా ఇంచుమించు ఇదే స్థితిలో ఈ ఆట మొదలుపెట్టి, ఇప్పుడు టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో పెద్దల లీగులో అన్నిటికన్నా కింది విభాగంలో ఆడుతున్నాను. నా అనుభవంలో, మొదటి ఏడాది ఐస్ హాకీ నేర్చుకోవడమంటే దాదాపు పూర్తిగా స్కేటింగ్ నేర్చుకోవడమే. గోల్ కొట్టాలన్న ఉత్సాహాన్ని కొంతకాలం ఆపుకోగలిగితే వయసు పెద్ద అడ్డంకి కాదు.

కారణం బ్లేడులో ఉంది. హాకీ స్కేటు అడుగున ఉండే ఉక్కు బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లే. సాన పట్టేటప్పుడు దాని పొడవునా మధ్యలో సన్నని గాడి తీస్తారు కాబట్టి ఒక్కో బ్లేడుకు లోపలి అంచు, వెలుపలి అంచు ఏర్పడతాయి. ముందుకు తోసుకోవడం, మలుపు తిరగడం, ఆగడం అన్నీ ఏ క్షణంలో ఏ అంచు మీద ఒరుగుతున్నామన్న దానిపైనే ఆధారపడతాయి. కాళ్ళు ఈ పనిని ఆలోచించకుండా చేయగలిగే వరకు చేతులకు పక్ (బంతికి బదులు వాడే గుండ్రని రబ్బరు బిళ్ళ) సంగతి చూసుకునే తీరిక దొరకదు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో చిన్నప్పుడు చక్రాల స్కేట్ల మీద తిరిగినవారు త్వరగానే నిలదొక్కుకుంటారు గాని, ఆగే పద్ధతి వేరు కాబట్టి వారు కూడా ఆ పాఠాన్ని మొదటినుంచి నేర్చుకోవలసిందే.

అందువల్ల మీ దగ్గరున్న డబ్బులో పెద్ద భాగం స్కేట్లకు కేటాయించండి. హాకీ స్కేటు సైజు సాధారణంగా మన బూటు సైజు కంటే ఒకటి నుంచి ఒకటిన్నర తక్కువ ఉంటుంది. నిటారుగా నిలబడినప్పుడు కాలివేళ్ళు ముందు భాగాన్ని తాకీ తాకనట్లుండి, మోకాళ్ళు వంచగానే మడమ వెనక్కి జరిగి గట్టిగా కూర్చుంటే అది సరైన కొలత. చలికి భయపడి రెండు జతల ఉన్ని సాక్సులు తొడుక్కొని, వాటికి తగ్గట్టు పెద్ద సైజు తీసుకోవడం మనవాళ్ళలో తరచుగా కనిపిస్తుంది. అలా తీసుకున్నప్పుడు చీలమండలు లోపలికి వాలిపోతాయి, ఆ తరువాత తమ కాళ్ళలోనే బలం లేదని అనుకుంటారు. ఒక్క పలచని సాక్సు చాలు. కొత్త స్కేట్లకు ఆటకు తగిన పదును సాధారణంగా ఉండదు కనుక కొన్నచోటే సాన పట్టించుకోండి. గాడి ఎంత లోతో దాని వంపు వ్యాసార్ధంతో, 1/2 అంగుళం, 5/8 అంగుళం అని చెబుతారు. ఈ అంకె పెద్దదయ్యేకొద్దీ గాడి లోతు తగ్గి, బ్లేడు ఐస్‌ను పట్టుకోవడం తగ్గుతుంది. ఆగడం ఇంకా రానివారికి 5/8 అంగుళం సులువుగా ఉంటుందని నా అభిప్రాయం.

తరువాత ఊరి మునిసిపాలిటీ నడిపే పెద్దల స్కేటింగ్ తరగతిలో చేరండి. మీ పక్కనుంచి నాలుగేళ్ళ పిల్లలు వెనక్కి స్కేట్ చేస్తూ దూసుకుపోతారు. దానికి చిన్నబుచ్చుకోనవసరం లేదు, వాళ్ళు నడకతో పాటే ఇదీ నేర్చుకున్నారు. మోకాళ్ళను మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా వంచాలి. నిటారుగా నిలబడితే వెనక్కి పడతారు, వెనక్కి పడితే తల నేలకు తగులుతుంది. అందుకే పడబోతున్నామని తెలియగానే ఇంకా కిందికి వంగి పక్కకు ఒరగడం మొదటి రోజే సాధన చేయాలి. లేచేటప్పుడు ఒక మోకాలి మీద నిలబడి, రెండో పాదాన్ని ఐస్ మీద ఆనించి, ఆ రెండో కాలి మోకాలి మీద చేతులు పెట్టి లేవండి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకునేది ఆగడమే. తరగతుల్లో మొదట మడమలను బయటికి తోసి, రెండు లోపలి అంచులతో ఐస్‌ను గీకుతూ నెమ్మదిగా ఆగడం నేర్పుతారు. ఆటకు కావలసిన హాకీ స్టాప్‌లో మాత్రం రెండు పాదాలను వెళ్తున్న దిశకు ఒక్కసారిగా అడ్డంగా తిప్పి, ముందు కాలి లోపలి అంచు, వెనక కాలి వెలుపలి అంచు ఐస్‌ను చెక్కేలా కిందికి కూర్చోవాలి. పాదాలు తిరిగినా భుజాలు ముందువైపే చూస్తూ ఉండాలి. దాదాపు అందరికీ ఇది ఒక వైపు ముందు వస్తుంది, ఆ వచ్చిన వైపే పదే పదే ఆగుతూ రెండో వైపును వదిలేస్తారు. ఆటలో పక్ మీ అనుకూలం చూసి రాదు కాబట్టి, రాని వైపు మీద రెట్టింపు సమయం పెట్టండి.

రక్షణ సామగ్రిలో హెల్మెట్ తప్ప మిగిలినవాటిని పాత సామాను కొట్లలో కొనుక్కోవచ్చు. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, భుజాలకు, మోచేతులకు ప్యాడ్లు, చేతి తొడుగులు, మెత్తలున్న హాకీ ప్యాంటు, మోకాలి ప్యాడ్లు, క్రికెట్‌లో వాడే గార్డు వంటిది ఒకటి, వీటితో పాటు మెడకు గార్డు తప్పనిసరిగా ఉండాలి. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు స్కేటు బ్లేడు మెడకు తగిలి మరణించిన తరువాత, అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీలన్నిటిలో మెడ గార్డును తప్పనిసరి చేసింది. ఆదివారం ఆటకు అదెందుకని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. తొడుక్కొనేటప్పుడు ముందు నడుము కిందివన్నీ, స్కేట్లతో సహా, పూర్తిచేసి తరువాత పైవి తొడుక్కోండి. భుజాల ప్యాడ్లు వేసుకున్నాక వంగి లేసులు బిగించడం చాలా కష్టం. ఇంటికి రాగానే అన్నిటినీ ఆరబెట్టకపోతే ఆ వాసనకు ఇంట్లో మీకు చోటుండదు.

క్రికెట్ మీకు పనికివచ్చేది స్టిక్ దగ్గర. కుడిచేతి వాటం బ్యాటర్‌గా ఎడమచేతిని పైన, కుడిచేతిని కింద ఉంచి బ్యాటు పట్టే అలవాటు ఉంటే, కుడివైపు ఆడే స్టిక్ చేతికి సహజంగా అమరుతుంది. కెనడాలో ఎక్కువమంది ఎడమవైపు స్టిక్ వాడతారు కాబట్టి కొట్లో అదే చూపించే అవకాశం ఉంది. రెండూ పట్టి చూడకుండా కొనకండి. స్కేట్ల మీద నిలబడినప్పుడు స్టిక్ గడ్డం దాకా వస్తే మొదట్లో సరిపోతుంది. పక్‌ను మెత్తగా తోయడం, అందుకోవడం ముందు నేర్చుకోండి, బలంగా కొట్టడానికి తొందర లేదు. గట్టి రబ్బరుతో చేసిన ఆ పక్ 156 నుంచి 170 గ్రాముల దాకా, అంటే దాదాపు క్రికెట్ బంతి అంత, బరువుంటుంది. దాన్ని తలవంచి చూస్తూ వెళ్ళే అలవాటు పడితే ఎదుటివారినో, రింక్ (ఆడే ఐస్ మైదానం) చుట్టూ గోడలా ఉండే బోర్డులనో ఢీకొంటారు.

రెండు అవరోధాల గురించి కూడా విన్నానని రాశారు: ఇది మనవాళ్ళ ఆట కాదని, దెబ్బలాటల ఆట అని. 2025లో యుఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో భారత జట్టు కాంస్యం గెలిచింది, ఆ జట్టులో ఎక్కువమంది లదాఖ్ అమ్మాయిలే. కెనడాలో 2008లోనే పంజాబీ వ్యాఖ్యానంతో హాకీ ప్రసారాలు మొదలయ్యాయి. ఇక దెబ్బల సంగతికి వస్తే, పెద్దల వినోద లీగుల్లో ఒంటితో ఢీకొట్టడానికి సాధారణంగా అనుమతి ఉండదు.

నియమాల్లో ఆఫ్‌సైడ్, ఐసింగ్ అనే రెండు తెలిస్తే మొదటి ఆట ఆడవచ్చు. ఎదుటి జట్టు భాగానికి హద్దుగా ఉండే నీలిగీతను పక్ పూర్తిగా దాటకముందే మీరు ఆ భాగంలోకి వెళ్తే ఆఫ్‌సైడ్. మధ్య ఎర్రగీతకు మీ వైపు నుంచి కొట్టిన పక్ ఎవరికీ తగలకుండా ఎదుటివారి గోల్ గీత దాటిపోతే ఐసింగ్. మైదానంలో ఒక దఫాకు 45 సెకన్ల నుంచి నిమిషం లోపు ఉండి, ఊపిరి పూర్తిగా అయిపోకముందే బెంచికి వచ్చేయాలి; అలసిపోయినా అక్కడే ఉండిపోయేవారిని జట్టు ఇష్టపడదు. లీగుకు ముందు కొన్ని నెలలు స్టిక్, పక్ సాధన సమయాలకు, ఆ తరువాత షిన్నీకి, అంటే గోల్స్ లెక్క పెట్టుకోకుండా సరదాగా ఆడే ఆటలకు, వెళ్ళండి. శీతకాలపు లీగులు శరదృతువులోనే మొదలవుతాయి, ప్రారంభకుల విభాగాలు త్వరగా నిండిపోతాయి. కాబట్టి ఈ చలికాలమంతా స్కేటింగ్ చేసి, వచ్చే వేసవిలోనే పేరు నమోదు చేయించుకోండి.